ట్రక్కుకు పెద్ద టైరు వేయించే ముందు: టైరు, డిస్కు, ఇరుసు బరువు పరిమితులను సరిపోల్చే విధానం

వరికోతలు ముగిసి ధాన్యం మిల్లులకు కదిలే రోజుల్లో నరసన్నపేట, ఆమదాలవలస, రాజాం, చీపురుపల్లి వైపు టైరు షాపులకు వచ్చే ట్రాక్టరు యజమానులు తరచూ ఒకే మాట అడుగుతారు. ట్రక్కు టైర్లు ఊరికే పగులుతున్నాయి, వీటి బదులు ఒక సైజు పెద్దవి వేయండి అంటారు. అడగడంలో తప్పు లేదు. సరిగ్గా చేస్తే అది మంచి మార్పే. కానీ టైరు మారిస్తే ట్రక్కు మోయగల బరువు కూడా పెరుగుతుందనుకోవడం సరికాదు. తొట్టిలో వేసిన బరువు నేలకు చేరే దారిలో ఛాసిస్ (తొట్టి కింది చట్రం), కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), ఇరుసు, బేరింగులు, హబ్బు (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం), స్టడ్లు (చక్రాన్ని పట్టే బోల్టులు), డిస్కు (టైరు ఎక్కించే ఇనుప చక్రం) వరుసగా ఉంటాయి, టైరు వీటన్నిటికీ చివర ఉంటుంది. ఈ వరుసలో ఏది అన్నిటికంటే తక్కువ మోయగలదో దాని పరిమితే ట్రక్కు పరిమితి. పెద్ద టైరు ఆ పరిమితిని పెంచదు. ఇప్పటి బరువుకే టైరు చాలకపోతున్నప్పుడు ఆ లోటును మాత్రం తీరుస్తుంది. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడ ప్రధానంగా ట్రాక్టరు వెనుక లాగే రెండు చక్రాల, నాలుగు చక్రాల ట్రక్కుల గురించే చెబుతున్నాను. లారీ ట్రైలర్లకు ప్రత్యేకంగా వర్తించే విషయాలను వచ్చినచోట ప్రస్తావిస్తాను.

ముందు ఆర్‌సీ, తరువాత కాటా

టైరు షాపుకు వెళ్లే ముందు ట్రక్కు రిజిస్ట్రేషన్ పత్రం తీసి చూడాలి. ఖాళీ బరువు, లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు అందులో ఉంటాయి. రవాణా వాహనాల విషయంలో టైర్ల సంఖ్య, సైజు కూడా నమోదై ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటితో పొంతన లేకుండా పోయేలా వాహనాన్ని మార్చకూడదు. టైర్ల సైజు, ప్లై రేటింగు గురించి కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 95వ నియమం విడిగా ఉంది. అందువల్ల సైజు మార్చదలచినవారు ముందే రవాణా కార్యాలయంలో అడిగి, అవసరమైతే పత్రంలో నమోదు చేయించుకోవడం మంచిది. మన వైపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి రోడ్డు మీద ఆపినప్పుడు టైరు ఎంత మోయగలదో చూడడు, పత్రంలో ఎంత రాసి ఉందో చూస్తాడు. అనుమతించిన బరువు దాటితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా ఉంటుంది, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు కట్టాలి. టైరు ఎంత పెద్దదైనా ఈ లెక్కలో మార్పు ఉండదు.

తరువాత మామూలుగా ఎంత లోడు వేస్తారో అంత వేసి ట్రక్కును కాటా మీదికి ఎక్కించాలి. బస్తాల లెక్కనో, తొట్టి నిండిన తీరునో చూసి బరువు ఊహించడం దగ్గరే ఎక్కువమంది లెక్క తప్పుతుంది. ఎనభై కిలోల ధాన్యం బస్తాలు నలభై ఐదు వేస్తే 3,600 కిలోలు అవుతుంది. అదే తొట్టిలో ఒక యూనిట్, అంటే 100 ఘనపుటడుగుల పొడి ఇసుక పోస్తే దాదాపు 4,500 కిలోలు అవుతుంది. నాగావళి, వంశధార రేవుల నుంచి తడి ఆరకుండా వచ్చే ఇసుకైతే దానికంటే వందల కిలోలు ఎక్కువే తూగుతుంది. ధాన్యానికి సరిపోయిన టైరు ఇసుకకు చాలకపోవడానికి కారణం ఇదే. ఏడాదిలో ఆ ట్రక్కు మోసే సరుకులన్నిటిలో ఎక్కువ బరువైనదాన్ని వేసి తూయించుకోవాలి.

కాటా మీద మూడు అంకెలు రాబట్టాలి. మొదట ట్రాక్టరు నుంచి విప్పిన ట్రక్కును స్టాండు మీద నిలిపి మొత్తంగా తూయాలి. తరువాత ట్రాక్టరుకు తగిలించి, ట్రాక్టరు కాటా బయట ఉండగా ట్రక్కు చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉండేలా నిలిపి తూయాలి. మొదటి అంకెలోంచి రెండోదాన్ని తీసేస్తే డ్రాబారు (ట్రక్కును ట్రాక్టరుకు కలిపే కడ్డీ) ద్వారా ట్రాక్టరు హుక్కు మీద పడే బరువు తెలుస్తుంది. మూడోసారి ఎడమ చక్రం పళ్లెం మీద, కుడి చక్రం పళ్లెం అంచు బయట ఉండేలా నిలపాలి. పళ్లెం, బయటి నేల ఒకే ఎత్తులో ఉన్న కాటాలోనే ఈ మూడో తూకం నమ్మదగింది. చాలామంది ఈ తూకాన్ని వదిలేస్తారు, కానీ టైరు ఎంపికను తేల్చేది ఇదే. లోడు ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క టైరుకు సగం కంటే ఎక్కువ వాటా పడుతుంది, పగిలేది కూడా ఎప్పుడూ ఆ టైరే.

నాలుగు చక్రాల ట్రక్కులో డ్రాబారు మీద బరువు దాదాపు ఉండదు. అక్కడ ముందు ఇరుసును, వెనుక ఇరుసును విడివిడిగా తూయాలి. వెనుకకు ఎత్తుగా పోసే అలవాటున్నచోట వెనుక ఇరుసు మీద అధికంగా పడుతుంది.

ఒక్కో చక్రానికి లెక్క

రెండు చక్రాల ట్రక్కు ఖాళీ బరువు 1,500 కిలోలని, అందులో 3,600 కిలోల ధాన్యం వేశారని అనుకుందాం. మొత్తం 5,100 కిలోలు. అందులో 700 కిలోలు డ్రాబారు మీద పడితే ఇరుసు మీద 4,400 మిగులుతాయి. సమంగా పంచితే చక్రానికి 2,200 పడాలి. కాటా మాత్రం ఎడమకు 2,300, కుడికి 2,100 చూపించిందనుకుందాం. లెక్కలోకి తీసుకోవలసింది 2,200 కాదు, 2,300. ఆ అంకెకు పదిహేను శాతం కలిపితే 2,645 అవుతుంది. గోతులున్న పొలంగట్ల బాటలు, కాలువ గట్లు, రైల్వే గేట్ల దగ్గరి ఎత్తుపల్లాలు ఉన్న ప్రాంతంలో అంతకన్నా తక్కువ మిగులు ఉంచడం నాకు సమ్మతం కాదు. ఎందుకంటే గోతిలో పడిన క్షణంలో టైరు మీద పడే దెబ్బ కాటా చూపించిన అంకెను చాలా దాటుతుంది. కమాన్ కట్టలు లేకుండా ఇరుసును నేరుగా ఛాసిస్‌కు వెల్డింగ్ చేసిన ట్రక్కుల్లో ఈ దెబ్బ మరీ ఎక్కువ, అలాంటివాటికి ఇరవై శాతం ఉంచడం మేలు.

టైరు మీది అక్షరాలు, అంకెలు

ట్రక్కు టైరు పక్కభాగంలో సైజు, ప్లై రేటింగు, లోడ్ ఇండెక్స్, వేగం గుర్తు, గరిష్ఠ బరువు, ఆ బరువుకు కావలసిన గాలి ఒత్తిడి, తయారీ తేదీ ఉంటాయి. సైజు 9.00-16 అని ఉంటే మొదటి అంకె టైరు వెడల్పును, రెండోది డిస్కు వ్యాసాన్ని అంగుళాల్లో చెబుతాయి. మధ్యలో గీత ఉంటే అది మామూలు నైలాన్ టైరు, ఆర్ అక్షరం ఉంటే రేడియల్. ఈ రెంటినీ ఒకే ఇరుసు మీద కలపకూడదు. బరువు కింద అవి ఒరిగే తీరు వేరుగా ఉండటం వల్ల భారం సమంగా పంచుకోవు.

ప్లై రేటింగు విషయంలో అపోహ ఎక్కువ. 16 పీఆర్ అని ఉంటే లోపల పదహారు పొరలు ఉన్నాయని కాదు. ఆ టైరు కట్టుబడి ఎంత గాలి ఒత్తిడిని తట్టుకోగలదో సూచించే శ్రేణి అది. బరువు మోసేది నిజానికి లోపలి గాలి, రబ్బరు, నైలాను ఆ గాలిని పట్టి ఉంచుతాయి. 10 పీఆర్ స్థానంలో 16 పీఆర్ వేసి, గాలి మాత్రం పాత టైరుకు కొట్టినంతే కొడితే మోసే బరువు ఏమాత్రం పెరగదు. అదే గాలిలో ఆ రెండు టైర్లూ దాదాపు ఒకే బరువు మోస్తాయి, కాబట్టి టైరుకు పెట్టిన అదనపు డబ్బు వృథా అవుతుంది. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే దుకాణంలో జరిగే బేరంలో సగం గందరగోళం తొలగిపోతుంది.

లోడ్ ఇండెక్స్ అనేది అంతర్జాతీయంగా అంగీకరించిన పట్టికలోని సంఖ్య. ట్రక్కులకు తరచూ అవసరమయ్యేవి ఇవి: 121 అంటే 1,450 కిలోలు, 126 అంటే 1,700, 130 అంటే 1,900, 134 అంటే 2,120, 138 అంటే 2,360, 140 అంటే 2,500, 142 అంటే 2,650, 144 అంటే 2,800, 146 అంటే 3,000, 150 అంటే 3,350. ఇవన్నీ ఒక్క టైరుకు చెప్పినవి. లారీ టైర్ల మీద 146/143 అని రెండు సంఖ్యలు కనిపిస్తే, మొదటిది టైరు ఒంటరిగా ఉన్నప్పుడు, రెండోది జంటగా వేసినప్పుడు వర్తిస్తుంది. జంటలో ఒక టైరుకు 2,725 కిలోలే లెక్క. జంట టైర్లు రోడ్డు వాలుకు, గాలి తేడాకు బరువును ఎప్పుడూ సమంగా పంచుకోలేవు కాబట్టి ఆ తగ్గింపు ఉంటుంది.

సంఖ్య పక్కనున్న అక్షరం వేగానికి సంబంధించింది. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40, ఎఫ్ అంటే 80, జే అంటే 100, కే అంటే 110. వ్యవసాయ ట్రక్కుల టైర్ల మీద ఎక్కువగా ఏ8 కనిపిస్తుంది. రాసి ఉన్న బరువు ఆ వేగానికే పరిమితం. అలాంటి టైర్లున్న ట్రక్కును పికప్ వాహనానికి తగిలించి రణస్థలం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిపై అరవై, డెబ్బై వేగంతో లాగితే టైరు లోపల పుట్టే వేడి దాన్ని బలహీనపరుస్తుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో టైర్లు ఊడి రోడ్డు పక్కన ముక్కలై కనిపించడానికి ఇదొక ప్రధాన కారణం. తక్కువ వేగంలో కొన్ని టైర్లకు అదనపు బరువును అనుమతించే పట్టికలు కంపెనీల దగ్గర ఉంటాయి. ఆ అదనాన్ని రోజువారీ లోడుకు కాకుండా మిగులుగా భావించడమే నా సలహా.

మన ఉదాహరణకు తిరిగి వస్తే, ఇప్పుడున్న టైరు మీద 134ఏ8 ఉందనుకుందాం. 2,120 కిలోల టైరు మీద 2,300 పడుతోంది. అది పగలడంలో వింత లేదు. అవసరం 2,645 కాబట్టి 142 సంఖ్య ఉన్న టైరు సరిపోతుంది. టైరు వరకు లెక్క తేలింది. చాలామంది డబ్బు చెల్లించి ఇంటికి వెళ్లేది ఇక్కడే, అసలు పరీక్ష మొదలయ్యేది కూడా ఇక్కడే.

డిస్కు మోయగలదా

టైరు మోసే బరువుకు తక్కువ కాకుండా డిస్కు మోయాలి. మంచి తయారీదారుల డిస్కు మీద రిమ్ము (టైరు కూర్చునే డిస్కు అంచు) సైజు, గరిష్ఠ బరువు, తయారీ తేదీ గుద్ది ఉంటాయి. రంగు కింద దాగి ఉంటే వైరు బ్రష్‌తో గీకి చూడాలి. స్థానికంగా ప్లేటు కోసి వెల్డింగ్ చేసిన డిస్కుల మీద ఏ అంకే ఉండదు. అంకె లేని డిస్కు మీద పెద్ద టైరు వేయడాన్ని నేను సమర్థించను. ఆ డిస్కు ఎంత మోస్తుందో చేసినవాడికే తెలియనప్పుడు టైరు మీది 142కు అర్థం ఉండదు.

ఉదాహరణలోని డిస్కు మీద 2,350 అని ఉందనుకుందాం. టైరు 2,650 మోయగలిగినా చక్రం మొత్తానికి పరిమితి 2,350 దగ్గర ఆగిపోతుంది. భారమైన పక్క 2,300 పడుతోంది కాబట్టి మిగిలేది యాభై కిలోలు మాత్రమే. డిస్కు అతిభారానికి గురైతే టైరు పగిలినట్టు చప్పుడుతో చెప్పదు. స్టడ్ల రంధ్రాల మధ్య, హబ్బు రంధ్రం అంచు దగ్గర సన్నని చీలికలు మొదలై, తుప్పు గీతలుగా బయటపడి, ఒక రోజు మధ్యభాగం ఊడి చక్రం విడిపోతుంది. అందువల్ల ఈ సందర్భంలో టైరుతోపాటు డిస్కు కూడా మార్చాలి, లేదా బస్తాలు తగ్గించాలి.

రిమ్ము వెడల్పును కూడా సరిచూడాలి. ప్రతి టైరు సైజుకు ఆమోదించిన రిమ్ము వెడల్పులు ఉంటాయి. భారతీయ టైర్ సాంకేతిక సలహా కమిటీ, అంటే ఇట్టాక్ ప్రచురించే ప్రమాణాల గ్రంథంలోనూ, టైరు కంపెనీల పట్టికల్లోనూ ఇవి దొరుకుతాయి. 7.50-16 టైరుకు 6.00జీ, 8.25-20కు 6.5, 9.00-20కు 7.0, 10.00-20కు 7.5 అంగుళాల రిమ్ములు ప్రామాణికం. ఇరుకైన రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కించవచ్చు, అది ఎక్కుతుంది కూడా. కానీ పక్కభాగాలు లోపలికి ముడుచుకుపోయి, నడుము ఉబ్బి, అంచు దగ్గర తీగల చుట్ట రోజూ నలుగుతుంది. ఎక్కిందంటే సరిపోయినట్టే అనే మాట మెకానిక్ నోట వినిపిస్తే ఆ షాపు మార్చడం మంచిది.

రింగు బిగించే రిమ్ముల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 20 అంగుళాల ట్యూబు టైర్ల డిస్కులకు, అనేక 16 అంగుళాల డిస్కులకు పక్కన ఊడదీసే రింగు ఉంటుంది. ఆ రింగు అదే రిమ్ముకు చెందినదై ఉండాలి. వేరే కంపెనీ రింగు అమరినట్టు కనిపించినా గాలి ఎక్కే కొద్దీ జారి, ఫిరంగి గుండులా ఎగిరిపడి మనిషి ప్రాణం తీయగలదు. గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో ఉంచి, గొట్టానికి క్లిప్పు బిగించి, మనిషి రింగుకు ఎదురుగా కాక పక్కన నిలబడాలి. గాలి ఉన్న రింగును సుత్తితో సరిచేయకూడదు. ఇలా చేయడం మన ఊళ్లలో తరచూ కనిపిస్తుంది.

ట్యూబు, ఫ్లాపు (ట్యూబుకు, రిమ్ముకు మధ్య వేసే రబ్బరు పట్టీ) కూడా కొత్త సైజువే కొనాలి. 8.25కు కొన్న ట్యూబును 10.00లో వేస్తే సాగి పలచబడుతుంది, పెద్ద ట్యూబును చిన్న టైరులో వేస్తే మడత పడి ఆ మడత దగ్గర కోసుకుపోతుంది. రేడియల్ టైరుకు రేడియల్ ట్యూబే వేయాలి. లారీ ట్రైలర్లను ట్యూబ్‌లెస్‌కు మార్చదలచినవారు డిస్కులు కూడా మార్చాలి. వ్యాసం పరంగా 10.00ఆర్20కు 11ఆర్22.5, 9.00ఆర్20కు 10ఆర్22.5 దగ్గరగా ఉంటాయి. పాత 20 అంగుళాల డిస్కు మీద అవి కూర్చోవు.

హబ్బు, స్టడ్లు, ఇరుసు

కొత్త డిస్కు హబ్బుకు అతకాలంటే మూడు కొలతలు కలవాలి: స్టడ్ల సంఖ్య, స్టడ్లు ఉన్న వృత్తం వ్యాసం, మధ్య రంధ్రం. స్టడ్లు ఆరు, ఎనిమిది, పది ఇలా సరి సంఖ్యలో ఉంటే ఎదురెదురు రెండు స్టడ్ల మధ్య బిందువుల దూరమే ఆ వృత్తం వ్యాసం. ఐదు స్టడ్లుంటే పక్కపక్క స్టడ్ల మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. లారీల్లో 275 మి.మీ. వృత్తంపై ఎనిమిది స్టడ్లు, 221 మి.మీ. మధ్య రంధ్రం, అలాగే 335 మి.మీ. వృత్తంపై పది స్టడ్లు, 281 మి.మీ. రంధ్రం అనే అమరికలు కనిపిస్తాయి. ట్రాక్టరు ట్రక్కుల హబ్బుల్లో ఫౌండ్రీని బట్టి తేడాలు ఎక్కువ కాబట్టి పాత డిస్కును షాపుకు తీసుకెళ్లి పక్కన పెట్టి చూడటమే నమ్మకం. కలవని రంధ్రాలను గ్యాస్‌తో కోసి పెద్దవి చేయించడం కంటే ఆ డిస్కును వదిలేయడం మేలు.

హబ్బు ముఖానికి, టైరు మధ్యరేఖకు మధ్య ఉన్న దూరమే ఆఫ్‌సెట్. దీన్ని చాలామంది కొలవరు. కొత్త డిస్కులో చక్రం బయటికి జరిగితే బరువు ఇరుసు చివరి నుంచి దూరంగా పడుతుంది. అప్పుడు అదే బరువుకు ఇరుసు మొనపై వంపు పెరిగి, లోపలి పెద్ద బేరింగు మోయవలసిన భారంలో కొంత బయటి చిన్న బేరింగు మీదికి మారుతుంది. ఆ చిన్న బేరింగు త్వరగా వేడెక్కి గ్రీజు కారిపోతుంది. పాత డిస్కు ఆఫ్‌సెట్‌ను కొలిచి, కొత్తది దానికి వీలైనంత దగ్గరగా ఉండేలా ఎంచుకోవాలి.

ఇరుసు మీద బరువు పరిమితి ఉండే ప్లేటు కనిపిస్తే దాన్ని రాసుకోవాలి. ఉదాహరణలోని ఇరుసు 5,000 కిలోలదనుకుందాం. ధాన్యం లోడులో 4,400 పడుతోంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే ట్రక్కులో ఒక యూనిట్ పొడి ఇసుక వేస్తే మొత్తం 6,000 కిలోలు అవుతుంది. డ్రాబారు మీద 850 పడినా ఇరుసుకు 5,150 మిగులుతుంది. 142 టైరు, కొత్త డిస్కు రెండూ ఉన్నా ఆ ట్రక్కుకు యూనిట్ ఇసుక తగదు, తడి ఇసుక మరీ తగదు. ఈ స్థితిలో టైరు మీద ఇంకా ఖర్చు పెట్టడం కంటే నాలుగు చక్రాల ట్రక్కు కొనడమో, ముప్పావు యూనిట్ వేయడమో సరైన దారి.

పెద్దదైన టైరు మార్చే కొలతలు

వ్యాసం పెరిగితే తొట్టి ఎత్తు పెరుగుతుంది. 9.00-20 వ్యాసం సుమారు 1,018 మి.మీ., 10.00-20ది సుమారు 1,052. కాబట్టి ఇరుసు 17 మి.మీ. పైకి లేస్తుంది, అదే బ్రేకుకు నేల దగ్గర దొరికే పట్టు మూడు శాతానికి పైగా తగ్గుతుంది. ఇది చిన్న తేడా. కానీ 16 అంగుళాల టైర్లలో రెండు సైజులు దాటితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. చెరకు, గడ్డి లాంటి ఎత్తైన లోడు వేసేవారు వంపుల దగ్గర దీన్ని గుర్తుంచుకోవాలి. ట్రక్కు ముందుకో వెనుకకో వాలితే బరువు పంపిణీ మారి పైన వేసిన లెక్క తప్పుతుంది. కాబట్టి హుక్కు ఎత్తును సరిచేసి, ఖాళీగానూ లోడుతోనూ ట్రక్కు అడుగు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూడాలి.

టైరుకు, మడ్‌గార్డుకు, కమాన్ కట్టకు, లేపే జాకీ రాడ్డుకు మధ్య పక్కలకు కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. పైవైపు అయితే కట్ట పూర్తిగా వంగినా తగలనంత ఖాళీ కావాలి. లోడు వేసి చూడాలి తప్ప ఖాళీ ట్రక్కుతో చూస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే బరువు కింద టైరు పక్కలకు ఉబ్బుతుంది. జంట టైర్లున్న ట్రైలర్లలో 9.00-20 నుంచి 10.00-20కి మారితే ఒక్కో టైరు వెడల్పు దాదాపు 19 మి.మీ. పెరుగుతుంది. రెంటి మధ్య దూరం పెరగకపోతే పక్కలు రాసుకుని కాలిపోతాయి.

గాలి

పెద్ద టైరుకు పక్కన రాసిన గరిష్ఠ ఒత్తిడి ఎప్పుడూ కొట్టవలసిన ఒత్తిడి కాదు. అది ఆ టైరు గరిష్ఠ బరువు మోసేటప్పటి ఒత్తిడి. కంపెనీ పట్టికలో మీ చక్రం మీద పడే బరువుకు ఎంత గాలి చెప్పారో అంతే చల్లని టైరులో కొట్టాలి. రిమ్ము తట్టుకునే ఒత్తిడి అంతకంటే తక్కువైతే రిమ్ముదే పరిమితి. షాపుల్లో పౌండ్లలో చెబుతారు, టైరు మీద కిలోపాస్కల్స్ ఉండవచ్చు: 100 కిలోపాస్కల్స్ ఒక బార్, ఒక బార్ 14.5 పౌండ్లు. 700 కిలోపాస్కల్స్ అని ఉంటే సుమారు 102 పౌండ్లు. ఎండలో నడిచి వచ్చిన టైరులో ఒత్తిడి పెరిగి కనిపిస్తుందని గాలి వదలకూడదు, చల్లారాక అది అవసరానికి తక్కువవుతుంది. ఖాళీగా దున్నిన పొలంలోకి దిగేటప్పుడు గాలి తగ్గించేవారు రోడ్డెక్కి లోడు వేసే ముందు తిరిగి నింపాలి. ఈ ఒక్క నిర్లక్ష్యం మంచి టైరునూ పాడు చేస్తుంది.

పాత లారీ టైర్లు కొనేవారికి

లారీలకు పేరుపడిన సాలూరు నుంచి, విశాఖ వైపు నుంచి వాడిన టైర్లు తెచ్చి ట్రక్కులకు వేయడం మన జిల్లాల్లో మామూలే. ధర తక్కువ, రబ్బరు మందంగా కనిపిస్తుంది. అయితే పక్కన రాసిన లోడ్ ఇండెక్స్ దెబ్బతినని టైరుకే వర్తిస్తుంది. తయారీ తేదీని నాలుగు అంకెల్లో చూడాలి: 2319 అంటే 2019లో 23వ వారం. పక్కభాగాల్లో పగుళ్లు, ఉబ్బు, లోపలి వైపు అతుకులు, అంచు తీగ బయటపడటం, ఇవేవి ఉన్నా ఎంత చౌకైనా తీసుకోకూడదు. పట్ట లోతు, అంటే నేలను తాకే రబ్బరులోని గాడుల లోతు, 1.6 మి.మీ. కంటే తక్కువైన టైరును నియమాలు అనుమతించవు. అరిగాక మళ్లీ రబ్బరు వేయించిన టైరును రెండు చక్రాల ట్రక్కులో వేయడానికి నేను వెనకాడతాను. అక్కడ ఒక టైరు పగిలితే భారం పంచుకునే మరో టైరు లేదు. కొత్తదైతే ఐఎస్ఐ గుర్తు, బిల్లు రెండూ తీసుకోవాలి. బిల్లు మీద సైజు, ప్లై రేటింగు, లోడ్ ఇండెక్స్ రాయించుకుంటే తరువాత గొడవ ఉండదు.

బిగింపు, మొదటి లోడు

డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీద తుప్పు, మట్టి, మందపాటి రంగు లేకుండా గీకాలి. ఆ రంగు నలిగితే నట్లు వదులవుతాయి. నట్టు శంఖం ఆకారంలో ఉందా, బంతి ఆకారంలో ఉందా, చదునుగా ఉందా అనేది డిస్కు రంధ్రంతో కలవాలి. కలవని నట్టు బిగిసినట్టే ఉండి అంచు మీద నిలుస్తుంది. ఎదురెదురు నట్లను వంతుగా కొంచెం కొంచెంగా బిగిస్తూ పోయి, చివరకు హబ్బు తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో ముగించాలి. స్పానరుకు గొట్టం తగిలించి మనిషి ఎక్కి తొక్కడం వల్ల స్టడ్లు సాగి, కనిపించకుండానే బలం కోల్పోతాయి.

మొదటి లోడు మీ మామూలు బరువులో సగం ఉండాలి. మొదటి యాభై కిలోమీటర్లలోపు, ఆపై పూర్తి లోడు వేసిన తరువాత మళ్లీ నట్ల బిగువు చూడాలి. హబ్బు మీద చేయి ఉంచి వేడి ఎక్కువైందా అని రెండు పక్కలా పోల్చాలి. ఒక పక్క బాగా ఎక్కువ వేడిగా ఉంటే అది బేరింగు లేదా బ్రేకు సంగతి. తరువాతి వారం కాటా మీద మరోసారి తూయించి, ఆ రోజు చక్రానికి ఎంత పడిందో, గాలి ఎంత ఉందో ఆర్‌సీ కవరులో కాగితం మీద రాసి ఉంచాలి. కొత్త సైజుకే స్టెప్నీ కూడా కొనాలి. పాత సైజు స్టెప్నీని మధ్యలో తగిలిస్తే, వ్యాసం తేడా వల్ల ట్రక్కు ఒక పక్కకు వాలుతుంది.